డయాఫ్రమ్ పంపు: ప్రైమింగ్, సర్వీసింగ్

పరిశ్రమల్లో వాడే పంపుల్లో ఎక్కువ భాగం తిరిగే చక్రంతో పనిచేస్తాయి. డయాఫ్రమ్ పంపులో ద్రవాన్ని తాకుతూ తిరిగేదేమీ ఉండదు. రబ్బరుతోనో ప్లాస్టిక్కుతోనో చేసిన వంగే పొర ఒకటి ముందుకూ వెనక్కూ కదులుతుంది. వెనక్కి జరిగినప్పుడు గదిలో చోటు పెరిగి ద్రవం లోపలికి వస్తుంది, ముందుకు వచ్చినప్పుడు అదే ద్రవం బయటికి పోతుంది. ఏ దారిన వచ్చిందో ఆ దారినే తిరిగి పోకుండా రెండు వైపులా వన్‌వే వాల్వులు కాపలా ఉంటాయి. నడిపే యంత్రభాగాలన్నీ పొరకు ఒకవైపు ఉంటే ద్రవం రెండోవైపు ఉంటుంది. షాఫ్టు ద్రవంలోకి దిగదు కాబట్టి దానికి గ్లాండు ప్యాకింగు గాని, మెకానికల్ సీలు గాని అక్కర్లేదు. ఆమ్లాలు, క్షారాలు, మండే ద్రావణులు, రంగులు, బురద, పింగాణీ మట్టి వంటివి ఒక్క చుక్క కూడా బయటికి కారకుండా తరలించాల్సిన చోట ఈ పంపు స్థిరపడిపోవడానికి కారణం అదే.

దీనిలో ప్రధానంగా మూడు రకాలు ఉన్నాయి. సంపీడన గాలితో నడిచే జంట డయాఫ్రమ్ పంపు మొదటిది. కర్మాగారాల్లో దీన్ని ఎయిర్ పంపు అని, ఏఓడీడీ అని పిలుస్తారు. నీటిశుద్ధి కేంద్రాల్లోనూ బాయిలర్ల దగ్గరా రసాయనాలను కొలిచి వేసే డోసింగ్ పంపు రెండోది. మోటారుతో గాని, విద్యుదయస్కాంతంతో గాని ఇది నడుస్తుంది. మూడోది హైడ్రాలిక్ డయాఫ్రమ్ పంపు. ఇందులో పిస్టను నేరుగా పొరను తోయదు, నూనెను తోస్తుంది; ఆ నూనె పొరను తోస్తుంది. అధిక పీడనాలకు ఈ రకమే వాడతారు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం మొదటి రకానికే కేటాయించాం. ఎక్కువమంది చేతుల్లోకి వచ్చేది అదే, ఎక్కువగా అపార్థానికి గురయ్యేదీ అదే.

పుట్టుక

వంగే పొరతో నీటిని తోడటం పాత ఆలోచనే. అమెరికాలోని బోస్టన్‌లో జేకబ్ ఎడ్సన్ 1859లో చేతితో నడిపే డయాఫ్రమ్ పంపును రూపొందించాడు. ఓడల అడుగున చేరే నీటిని తోడేయడానికి అది పనికొచ్చింది. కొలిచి వేసే పంపులను పరిశ్రమకు అందించిన తొలి సంస్థల్లో 1936లో ఏర్పడిన మిల్టన్ రాయ్ ఒకటి. సంపీడన గాలితో నడిచే జంట డయాఫ్రమ్ పంపును 1955లో కాలిఫోర్నియాలో జిమ్ వైల్డెన్ తయారు చేశాడు.

ఈ పంపు చరిత్రలో సగం రసాయన శాస్త్రానిదే. పొర లక్షల సార్లు వంగినా పగలకూడదు, ముట్టుకున్న ద్రవానికి కరగకూడదు. డ్యుపాంట్ 1931లో వెలువరించిన నియోప్రీను, 1938లో రాయ్ ప్లంకెట్ కనుగొన్న పీటీఎఫ్‌ఈ, 1957లో మార్కెట్లోకి వచ్చిన వైటాన్ లేకపోతే ఈ పంపు బురద తోడే పనిముట్టుగానే మిగిలిపోయేది.

లోపల జరిగేది

ఎయిర్ పంపులో రెండు పొరలు ఒకే షాఫ్టుకు రెండు చివర్లా బిగించి ఉంటాయి. మధ్యలో గాలి పంచే వాల్వు ఉంటుంది. ఆ వాల్వు గాలిని ఎడమ పొర వెనక్కి పంపితే ఎడమ పొర బయటికి జరిగి తన గదిలోని ద్రవాన్ని డెలివరీ గొట్టంలోకి తోస్తుంది. అదే సమయంలో షాఫ్టు కుడి పొరను లోపలికి లాగుతుంది. కుడి గదిలో పీడనం పడిపోయి సక్షన్ గొట్టం నుంచి ద్రవం పైకి వస్తుంది. స్ట్రోకు చివర పైలట్ వాల్వు కదిలి గాలి దారి మారుస్తుంది. వాడేసిన గాలి సైలెన్సరు గుండా బయటికి పోతుంది. పంపు పనిచేస్తున్నప్పుడు వినిపించే టప్ టప్ శబ్దం ఈ గాలిదే.

ద్రవం వైపు నాలుగు బంతులు, నాలుగు సీట్లు ఉంటాయి. కింద రెండు సక్షన్‌కు, పైన రెండు డెలివరీకి. వాటిని నడిపే స్ప్రింగు గాని, లివరు గాని సాధారణంగా ఉండదు. ద్రవం తోస్తే లేస్తాయి, ఆగితే సొంత బరువుతో సీటు మీద కూర్చుంటాయి. అందుకే ఈ పంపును నిలువుగా నిలబెట్టి బిగించాలి. పక్కకు ఒరిగితే బంతి సీటు మీద సరిగా కూర్చోదు.

పంపు ఇచ్చే ద్రవపీడనం దాదాపు దానికిచ్చిన గాలి పీడనమే. చాలా మోడళ్ళకు 8.6 బార్ గరిష్ఠ పరిమితి. డెలివరీ వాల్వు మూసేస్తే రెండు పీడనాలూ సమానమై పంపు నిలిచిపోతుంది, తెరిస్తే మళ్ళీ కదులుతుంది. మోటారు కాలిపోవడం, షాఫ్టు విరగడం వంటివి ఉండవు. ఫిల్టర్ ప్రెస్సుకు బురద ఎక్కించడానికి ఈ పంపునే పెట్టడంలో ఆంతర్యం ఇదే. ప్రెస్సులో కేకు పేరుకుని దారి బిగుసుకునే కొద్దీ పంపు తనంతట తాను నెమ్మదించి, చివరికి ఆగుతుంది. ఇంత వెసులుబాటుకు ధర సంపీడన గాలి రూపంలో కట్టాలి. కంప్రెసరు తీసుకున్న విద్యుత్తులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. గొట్టంలో చిన్న గాలి లీకు కూడా నెల తిరిగేసరికి కరెంటు బిల్లులో కనిపిస్తుంది.

ప్రైమింగ్

బావి మీద పెట్టిన సెంట్రిఫ్యూగల్ మోటారును ఎత్తించాలంటే ముందు గొట్టంలో నీళ్ళు పోసి నింపాలని మన రైతులందరికీ తెలుసు. తిరిగే చక్రం గాలిని తోయలేదు. ఎయిర్ పంపు మాత్రం పొడిగా ఉన్నా ద్రవాన్ని పైకి లాక్కోగలదు. మోడలును బట్టి రబ్బరు పొరలున్న పంపు పొడి స్థితిలో సుమారు 4 నుంచి 6 మీటర్ల లోతు నుంచి నీటిని ఎత్తుతుంది. పీటీఎఫ్‌ఈ పొర గట్టిది, దాని స్ట్రోకు పొట్టిది. కాబట్టి అది ఎత్తే లోతు తగ్గి 3 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అదే పంపు లోపల తడిగా ఉంటే 8 మీటర్లు దాటి కూడా లాగగలదు.

పొడికీ తడికీ ఇంత తేడా ఎందుకో అర్థమైతే ప్రైమింగ్ అంతా అర్థమైనట్టే. పొర పూర్తిగా ముందుకు వచ్చినా గదిలో కొంత ఖాళీ మిగులుతుంది. అందులోని గాలి బయటికి పోదు. పొర వెనక్కి జరిగినప్పుడు ముందుగా ఆ మిగిలిన గాలే వ్యాకోచిస్తుంది, దాని పీడనం బయటి పీడనం కంటే ఎంత తగ్గితే అంత మేరకే ద్రవం పైకి వస్తుంది. లెక్క చూద్దాం. మిగులు ఖాళీ 100 ఘన సెంటీమీటర్లు, స్ట్రోకు మరో 100 అనుకుంటే గాలి రెట్టింపు చోటుకు వ్యాపించి పీడనం సగానికి పడుతుంది. అంటే నీరు సుమారు 5 మీటర్లు పైకి రావచ్చు. స్ట్రోకు 20 మాత్రమే అయితే పీడనం 0.83 వాతావరణాలకే తగ్గుతుంది, నీరు 1.7 మీటర్లకు మించి లేవదు. గదిలో గాలికి బదులు నీరుంటే ఈ లెక్కే వర్తించదు. నీరు వ్యాకోచించదు కాబట్టి పొర జరిగినంత మేరా సక్షన్ అందుతుంది.

ఇదే లెక్క డెలివరీ వైపు కూడా నడుస్తుంది. పైన చెప్పిన చిన్న స్ట్రోకు పంపులో గాలిని 120 నుంచి 100 ఘన సెంటీమీటర్లకు నొక్కితే దాని పీడనం 1.2 రెట్లే అవుతుంది. డెలివరీ గొట్టంలో అప్పటికే రెండు మీటర్ల నీరు నిలిచి ఉంటే చాలు, ఈ గాలి పై వాల్వును తెరవలేదు. పొర కదులుతూనే ఉంటుంది, గాలి నలుగుతూ సాగుతూ లోపలే ఉండిపోతుంది, చుక్క నీరు రాదు. ఫిట్టర్లు 'గాలి పట్టింది' అనేది ఈ స్థితినే. అందుకే ప్రైమింగ్‌లో మొట్టమొదటి పని డెలివరీ వైపు ఒత్తిడి లేకుండా చేయడం. డెలివరీ వాల్వు తెరవాలి, లేదా బైపాసు ద్వారా ట్యాంకులోకే తిప్పి గాలిని పోనివ్వాలి.

ఆ తర్వాత గాలి వాల్వును ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా తెరవాలి. పంపు పొడిగా ఉన్నప్పుడు బంతులకూ సీట్లకూ మధ్య సందు నుంచి గాలి జారిపోతుంటుంది. వేగం పెంచితే బంతులు ఎగిరెగిరి పడి సరిగా కూర్చోవు, పొర కూడా ఎదురు ఒత్తిడి లేక చివరికంటా కొట్టుకుంటుంది. నిదానంగా నడిపిస్తే ద్రవం గొట్టంలో మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. ద్రవం గదిలోకి చేరగానే శబ్దం మారుతుంది. ఖాళీగా వినిపించిన గలగల పోయి బరువైన, సమమైన టప్ టప్ వస్తుంది. వేగం పెంచాల్సింది అప్పుడే. చిక్కటి ద్రవమైతే ఇంకా ఓపిక పట్టాలి. సక్షన్ గొట్టంలో అది కదలడానికి సమయం కావాలి. పంపు అంతకంటే వేగంగా నడిస్తే గది సగమే నిండి పొర లోపలికి గుంజుకుపోతుంది.

ఈ పద్ధతికీ ఎత్తకపోతే కింది బంతులు తడిసేలా సక్షన్ వైపు కొంచెం ద్రవం పోయడం పాత ఉపాయం, ఇప్పటికీ పనిచేస్తుంది. పంపు ఆపినప్పుడల్లా గొట్టం ఖాళీ అయిపోతుంటే గొట్టం చివర ఫుట్ వాల్వు పెట్టాలి. ద్రవం బురదగా ఉంటే ఫుట్ వాల్వు పూడుకుపోతుంది. అలాంటి చోట పంపును ట్యాంకు మట్టానికి కిందే పెట్టుకుంటే సమస్యే ఉండదు. అయితే పై నుంచి వచ్చే ఒత్తిడి ఎక్కువ కాకూడదు. సాధారణంగా 0.7 బార్ దాటితే పొర ఆయుష్షు తగ్గుతుందని తయారీదారులు హెచ్చరిస్తారు.

పంపు ఎత్తలేదనగానే పానాలు తీసుకుని దాన్ని విప్పడం చాలా చోట్ల అలవాటు. ఇది మానాల్సిన అలవాటు. లోపం ఎక్కువ సందర్భాల్లో సక్షన్ గొట్టంలోనే ఉంటుంది. గొట్టం సైజు పంపు ముఖం కంటే చిన్నదై ఉండొచ్చు. తీగ అల్లిక లేని మెత్తటి హోసు లోపలి వ్యాక్యూమ్‌కు నొక్కుకుపోయి ఉండొచ్చు. బయటికి బాగానే కనిపిస్తుంది, పంపు నడిచేటప్పుడు చూస్తేనే తెలుస్తుంది. ఫ్లాంజి గాస్కెట్టు దగ్గరో, క్లాంపు దగ్గరో సన్నటి సందు ఉండొచ్చు. ఆ సందు నుంచి ద్రవం కారదు, గాలి లోపలికి పోతుంది. కాబట్టి కంటికి కనబడదు. పంపు మామూలు కంటే వేగంగా కొట్టుకుంటూ తక్కువ ద్రవం ఇవ్వడం, డెలివరీలో బుడగలు రావడం దాని గుర్తులు. జోడింపుల మీద సబ్బునీళ్ళు పూసి నురగ లోపలికి లాగుతుందేమో చూస్తే చోటు దొరుకుతుంది. ఈ మూడూ చూడటానికి పది నిమిషాలు పడుతుంది. పంపు విప్పి బిగించడానికి ఒక పూట పడుతుంది.

ఎండ, ఎత్తు, ఆవిరి

ద్రవాన్ని పైకి తెచ్చేది పంపు కాదు, వాతావరణ పీడనం. పంపు దానికి ఎదురొత్తిడి తగ్గిస్తుందంతే. సముద్రమట్టం దగ్గర వాతావరణం సుమారు 10.3 మీటర్ల నీటిని నిలబెట్టగలదు. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాదులో అది దాదాపు 9.7 మీటర్లకు తగ్గుతుంది. దాని నుంచి గొట్టం రాపిడికి పోయే నష్టం, ద్రవం ఆవిరి పీడనం తీసేయాలి. స్ట్రోకు స్ట్రోకుకూ ఆగి కదిలే ద్రవాన్ని ప్రతిసారీ మళ్ళీ కదిలించడానికి అయ్యే ఖర్చు మరొకటి. సక్షన్ గొట్టం పొడవైన కొద్దీ ఈ చివరిది పెరుగుతుంది.

ఆవిరి పీడనం మాట హైదరాబాదు ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాలి. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ తన సంశ్లేషిత ఔషధాల కర్మాగారాన్ని ఇక్కడ పెట్టింది. తర్వాత జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం వైపు మందుల ముడిసరుకుల పరిశ్రమ విస్తరించింది. విశాఖ దగ్గర పరవాడలో ఫార్మా సిటీ వచ్చింది. ఈ పరిశ్రమలు డ్రమ్ముల్లోంచి, ట్యాంకర్లలోంచి ద్రావణులను దించుకుంటాయి, ఆ పనికి ఎయిర్ పంపు నిత్యావసరం. ఆ ద్రావణుల్లో కార్మికులు ఎండీసీ అని పిలిచే మిథిలీన్ క్లోరైడ్ సముద్రమట్టం దగ్గర 39.6 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో ఉన్న డ్రమ్ములోంచి పైకి లాగాలని చూస్తే అది గొట్టంలోనే ఆవిరవుతుంది. 40 డిగ్రీల దగ్గర అసిటోన్ ఆవిరి పీడనం 56 కిలోపాస్కల్‌లు, వాతావరణ పీడనంలో సగానికి పైనే. పంపు ఉదయం పనిచేసి మధ్యాహ్నం మొరాయిస్తోందంటే తప్పు పంపుది కాదు. డ్రమ్మును నీడకు చేర్చడం, పంపును ద్రవమట్టానికి కిందికి దించడం, వేగం తగ్గించడం తప్ప దీనికి వేరే మందు లేదు.

డోసింగ్ పంపుల్లో

డోసింగ్ పంపు పొర చిన్నది, స్ట్రోకు మరీ చిన్నది. మిగులు ఖాళీతో పోలిస్తే తోసే పరిమాణం తక్కువ కాబట్టి పైన చెప్పిన గాలి లెక్క దీనికి చాలా కఠినంగా వర్తిస్తుంది. ప్రైమింగ్ చేసేటప్పుడు స్ట్రోకు పొడవును నూరు శాతానికి తిప్పాలి, హెడ్డు మీదున్న బ్లీడ్ వాల్వు తెరవాలి, బుడగలు ఆగి ద్రవం ధారగా వచ్చేదాకా నడపాలి. తర్వాత బ్లీడ్ మూసి, స్ట్రోకును కావలసిన చోటికి తగ్గించుకోవాలి.

తాగునీటి కేంద్రాల్లో వాడే సోడియం హైపోక్లోరైట్ ఈ పంపులకు బద్ధ శత్రువు. అది నిలవ ఉన్నకొద్దీ విడిపోతూ కొంత ఆక్సిజన్ వదులుతుంది. ఎండలో ఇంకా త్వరగా. రాత్రి ఆపిన పంపు హెడ్డులో తెల్లారేసరికి బుడగలు చేరి పొద్దున్నే గాలి పట్టేస్తుంది. పంపు లైటు వెలుగుతుంది, టిక్కు టిక్కుమని కొడుతుంది, క్లోరిన్ మాత్రం నీటిలోకి పోదు. ఊరి ఆరోగ్యానికి సంబంధించిన లోపం ఇది, శబ్దం విని సరిపెట్టుకునేది కాదు. సక్షన్ గొట్టం పొట్టిగా, బుడగలు పైకి తేలిపోయేలా ఎగువాలుగా ఉండాలి. గాలిని తనంతట వదిలే డీగ్యాసింగ్ హెడ్డు పెట్టుకోవాలి. రసాయనాన్ని నీడలో ఉంచాలి, పాత నిల్వను ముందుగా వాడాలి. సక్షన్ వైపు గీతలున్న గాజు గొట్టం, అంటే కాలిబ్రేషన్ కాలమ్, ఉంటే నిమిషంలో ఎంత ద్రవం తగ్గిందో కంటితో చూసి పంపు నిజంగా వేస్తున్నదెంతో తేల్చుకోవచ్చు. పరిశ్రమల డోసింగ్ పంపులకు ప్రామాణికమైన ఏపీఐ 675 స్థిర ఖచ్చితత్వం ఒక శాతం లోపు ఉండాలంటుంది. హెడ్డులో బుడగ ఉన్న పంపు ఆ దరిదాపులకు రాదు.

హైడ్రాలిక్ రకంలో రెండుచోట్ల ప్రైమింగ్ చేయాలి. ద్రవం వైపు ఎలాగూ ఉంది. పొర వెనకున్న నూనె గదిలో కూడా గాలి మిగలకూడదు. నూనెలో బుడగ ఉంటే పిస్టను కదలికలో కొంత దాన్ని నలపడానికే పోయి పొర పూర్తిగా కదలదు. నూనె మార్చిన ప్రతిసారీ పంపును ఒత్తిడి లేకుండా నడిపి, ఎయిర్ బ్లీడ్ నుంచి నురగ పోయేదాకా ఆగాలి. ఇలాంటి కొన్ని పంపుల్లో రెండు పొరలను ఒకదానిమీద ఒకటి పెట్టి మధ్య సందుకు పీడనమాపకం తగిలిస్తారు. ఒక పొర చిరిగితే ముల్లు కదిలి చెబుతుంది, రెండోది అప్పటిదాకా కాపాడుతుంది.

పొర ఎంపిక, పొర చావు

ఎయిర్ పంపు నిమిషానికి 60 సైకిళ్ళ చొప్పున రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిస్తే పొర 86 లక్షల 40 వేల సార్లు వంగుతుంది. దీన్నిబట్టి పొరను అరిగిపోయే వస్తువుగానే లెక్క వేసుకోవాలి. దాని ఆయుష్షు ఎంపికలోనే సగం తేలిపోతుంది. నియోప్రీను చవక, బాగా వంగుతుంది, 93 డిగ్రీల దాకా నిలుస్తుంది, ద్రావణులకు పనికిరాదు. నైట్రైలు రబ్బరు నూనెలకు మంచిది. ఈపీడీఎమ్ క్షారాలకు, వేడినీటికి బాగుంటుంది గాని పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బుతుంది. అందుకని దాని అంచులకు మామూలు గ్రీజు కూడా పూయకూడదు. వైటాన్ వేడికీ, చాలా హైడ్రోకార్బన్లకూ తట్టుకుంటుంది. అసిటోన్ వంటి కీటోన్ల ముందు నిలవదు. పీటీఎఫ్‌ఈ దాదాపు అన్ని రసాయనాలకూ నిలుస్తుంది, కాని వంగే గుణం తక్కువ. అందువల్ల దాని వెనక రబ్బరు పొరను దన్నుగా పెడతారు.

చిరిగిన పొరను పారేయకుండా శుభ్రం చేసి వెలుగులో చూడాలి. ఎందుకు చిరిగిందో దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. మెత్తబడి, ఉబ్బి, జిగటగా ఉంటే రసాయనం సరిపడలేదు. ప్లేటు అంచు చుట్టూ గుండ్రంగా పగుళ్ళుంటే ఎక్కువ గాలి పీడనంతో ఎక్కువ వేగంగా నడిపారు. లోపలికి తిరగబడి సాగిన గుర్తులుంటే సక్షన్ చాలలేదు, గొట్టం మూసుకుపోయింది. ఒకే చోట చిల్లు పడి, మిగతా అంతా కొత్తగా ఉంటే ఏదో పదునైన ముక్క గుచ్చుకుంది. 2 అంగుళాల బాల్ వాల్వు పంపు సుమారు 6 మిల్లీమీటర్ల గట్టి ముక్కలనే దాటనిస్తుంది. అంతకంటే పెద్దవి వచ్చే చోట జల్లెడ ఉండాలి. బురద పంపుల్లో మరో కారణం తరచుగా కనిపిస్తుంది. సాయంత్రం కడగకుండా ఆపేస్తే మట్టి గది అడుగున గట్టిపడుతుంది. పొద్దున గాలి తెరవగానే పొర ఆ గడ్డ మీదికి నొక్కుకుని చిరుగుతుంది. షిఫ్టు చివర ఐదు నిమిషాలు నీళ్ళతో నడపడం ఒక్కటే దీనికి విరుగుడు. కారణం తెలుసుకోకుండా కొత్త పొర వేస్తే అదీ అలాగే పోతుంది.

పొర చిరిగిందని పంపు రెండు విధాలుగా చెబుతుంది. డెలివరీలో గాలి బుడగలు వస్తాయి, లేదా సైలెన్సరు నుంచి ద్రవం చిమ్ముతుంది. ఆమ్లం తోడే పంపు అయితే ఈ చిమ్మడం మనిషి ముఖం మీదికి కావచ్చు. ప్రమాదకర ద్రవాల దగ్గర ఎగ్జాస్టును గొట్టంతో సురక్షితమైన చోటికి తీసుకెళ్ళడం తప్పనిసరిగా చేయాలి.

సర్వీసింగ్

విప్పే ముందు చేసే పనులే సర్వీసింగులో అత్యంత ముఖ్యమైనవి. గాలి వాల్వు మూయడం చాలదు; గాలి గొట్టం ఊడదీసి లోపలి గాలి పోనివ్వాలి. ఆగి ఉన్న పంపులో కూడా ఒక పొర వెనక పూర్తి పీడనం ఉండొచ్చు, డెలివరీ గొట్టంలో ద్రవం ఒత్తిడితో నిలిచి ఉండొచ్చు. సక్షన్, డెలివరీ వాల్వులు మూసి, డ్రెయిన్ చేసి, సరిపడే ద్రవంతో కడిగి, పంపును తలకిందులు చేసి బంతుల మీద నిలిచిన ద్రవం కూడా పారబోయాలి. ఆ ద్రవం ఏమిటో, దానికి ఏ చేతితొడుగు, ఏ కళ్ళద్దాలు కావాలో పని చేసే మనిషికి ముందే తెలియాలి. నిన్న మొన్న కాంట్రాక్టు మీద వచ్చిన కుర్రాడికి కూడా ఈ సమాచారం చెప్పి తీరాలి. చెప్పకుండా పానా చేతికివ్వడం నేరంతో సమానం.

మానిఫోల్డులు, గదులు, మధ్య భాగం కలిసే చోట మార్కరుతో గీతలు పెట్టుకుని విప్పితే బిగించేటప్పుడు తికమక ఉండదు. ముందు పై మానిఫోల్డు తీసి బంతులు, సీట్లు చూడాలి. బంతి గుండ్రంగా, నునుపుగా ఉండాలి. ఉబ్బి ఉంటే సీటులో ఇరుక్కుంటుంది, కోతపడితే ద్రవం వెనక్కి కారుతుంది. పంపు ఒకవైపు బలంగా, ఒకవైపు తేలికగా కొడుతుంటే నాలుగింటిలో ఏదో ఒక బంతి దగ్గర చెత్త ఇరుక్కుందనే అర్థం. తర్వాత కింది మానిఫోల్డు, ద్రవం గదులు వస్తాయి. పొరలను పట్టుకునే బయటి ప్లేట్లను రెండు వైపులా పానాలు వేసి ఒకేసారి తిప్పితే ఒకటి ఊడుతుంది, రెండోది షాఫ్టుతో పాటే బయటికి వస్తుంది. షాఫ్టును వైసులో నేరుగా బిగించకూడదు. దాని మీద ఒక్క గీత పడినా మధ్యలోని సీళ్ళను కోసేస్తుంది.

ఒక పొర చిరిగినా రెండూ మార్చాలి, రెండూ ఒకే వయసువి కాబట్టి. చాలా పొరల మీద గాలి వైపు ఏదో అచ్చు వేసి ఉంటుంది. తిరగేసి బిగిస్తే కొద్ది రోజుల్లో చిరుగుతుంది. మొదటి పొరను షాఫ్టుకు బిగించి, షాఫ్టును మధ్య భాగం గుండా దూర్చి, రెండోది తగిలిస్తారు. రెండో పొర బోల్టు రంధ్రాలు గదితో కలవకపోతే బిగించే దిక్కులోనే ఇంకొంచెం తిప్పి కలపాలి, వదులు చేసి కాదు. బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, టార్క్ రెంచితో మాన్యువల్‌లో చెప్పిన మేరకు బిగించాలి. ప్లాస్టిక్ పంపుల్లో ఎక్కువ బిగిస్తే గది పగులుతుంది. పీటీఎఫ్‌ఈ ఒత్తిడి కింద మెల్లగా పక్కలకు పాకే పదార్థం. ఆ కారణంగా దాన్ని వాడిన పంపు బోల్టులను మర్నాడు మరోసారి సరిచూడాలి, ఒకసారి నలిగిన పీటీఎఫ్‌ఈ ఓ-రింగును మళ్ళీ వాడకూడదు. గోదాములో నెలల తరబడి ఉన్న కొత్త ప్లాస్టిక్ పంపుకు కూడా నడిపే ముందు ఈ పరీక్ష కావాలి.

గాలి వైపు సర్వీసింగ్ ఎక్కువగా శుభ్రతకు సంబంధించింది. గాలి వాల్వులోని స్పూలు జిడ్డుతో, తుప్పుతో పట్టేస్తే పంపు స్ట్రోకు మధ్యలో నిలిచిపోతుంది. స్పూలును తీసి తుడిచి, సీళ్ళు చూసి, చెప్పిన గ్రీజును పల్చగా పూస్తే చాలు. ఇప్పటి పంపుల్లో చాలావాటికి గాలిలో నూనె కలపనవసరం లేదు. కలిపితే తొలినాటి గ్రీజు కడుక్కుపోయి, దుమ్ము పట్టి, వాల్వు ఇంకా త్వరగా మొరాయిస్తుంది. 5 మైక్రాన్ల ఫిల్టరు, రెగ్యులేటరు ఉంటే గాలి సరిపోతుంది. ఆ ఫిల్టరు అడుగున చేరే నీళ్ళను రోజూ వదలాలి.

ఆ నీళ్ళు వదలకపోతే, డ్రయ్యరు పనిచేయకపోతే మంచు పడుతుంది. సంపీడన గాలి ఎగ్జాస్టులో ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడుతుంది. దానిలోని తేమ గడ్డకట్టి సైలెన్సరును మూసేస్తుంది. పంపు నెమ్మదించి ఆగుతుంది, పావుగంట తర్వాత ఏమీ ఎరగనట్టు మళ్ళీ నడుస్తుంది. బయట ఎండ మండుతున్నా ఇది జరుగుతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి డ్రయ్యరు విషయంలో అక్కడ అశ్రద్ధ పనికిరాదు.

నిప్పు, లోహం

ఎయిర్ పంపులో కరెంటు లేదు కాబట్టి మండే ద్రావణులకు భద్రమని చాలామంది నమ్మకం. సగమే నిజం. టోలుయీన్ వంటి విద్యుద్వాహకం కాని ద్రవం గొట్టంలో పరుగెత్తినా చాలు, స్థిర విద్యుత్తు పుడుతుంది. పంపుకు, డ్రమ్ముకు, గొట్టానికి, నింపే పాత్రకు ఎర్త్ తీగలు కలిపి ఉండాలి. అలాంటి చోట మామూలు ప్లాస్టిక్ పంపు వాడకూడదు, లోహపు పంపు గాని విద్యుత్తును భూమికి పోనిచ్చే ప్రత్యేక ప్లాస్టిక్ పంపు గాని వాడాలి. సర్వీసింగ్ తర్వాత ఎర్త్ తీగ మళ్ళీ తగిలించడం మరిచిపోవడం అన్నిటికంటే మామూలు తప్పు, అన్నిటికంటే ప్రమాదకరం కూడా.

రెండోది లోహం సంగతి. ఎండీసీ, ట్రైక్లోరోఈథేన్ వంటి క్లోరిన్ ఉన్న ద్రావణులు అల్యూమినియంతో కలిసి మూసిన గదిలో పేలుడు దాకా పోయే చర్య జరపగలవు. వాటికి స్టెయిన్‌లెస్ స్టీలు పంపే వాడాలి. ఒక ప్లాంటులో రెండు రకాల పంపులూ ఉంటే పని ఒత్తిడిలో చేతికందిన పంపును లాక్కెళ్ళే అవకాశం ఉంది. ఏ పంపు దేనికో దాని ఒంటి మీదే పెద్ద అక్షరాలతో, పనిచేసేవాళ్ళు చదవగల భాషలో రాయించాలి.

తిరిగి నడపడం

బిగించిన పంపును ప్రమాదం లేని ద్రవంతో, వీలైతే నీటితో, ముందు పరీక్షించాలి. నీటితో చర్య జరిపే రసాయనానికి వాడే పంపైతే తర్వాత పూర్తిగా ఆరబెట్టాలి. గాలిని 1 బార్ దగ్గర మొదలుపెట్టి, రెండు వైపులా స్ట్రోకు సమంగా ఉందో లేదో చెవితో, చేతితో గమనించాలి. డెలివరీ వాల్వు నెమ్మదిగా మూస్తే పంపు ఆగిపోవాలి. ఆగకుండా అప్పుడప్పుడూ ఒక కొట్టు కొడుతుంటే ఏదో బంతి దగ్గరో, సీటు కింది ఓ-రింగు దగ్గరో ద్రవం వెనక్కి జారుతోంది. పంపు ఆగి ఉన్నా సైలెన్సరు నుంచి గాలి బుస్సుమంటూనే ఉంటే గాలి వాల్వు సీళ్ళను మళ్ళీ చూడాలి. రెండూ బాగుంటే డెలివరీ తెరిచి, పని పీడనానికి పెంచి, నిమిషానికి ఎన్ని సైకిళ్ళకు ఎన్ని లీటర్లు వస్తున్నాయో కొలిచి, తేదీతో, వేసిన పొర రకంతో సహా పంపు రిజిస్టరులో రాయాలి. తర్వాతెప్పుడైనా అదే పీడనానికి సైకిళ్ళు పెరిగి లీటర్లు తగ్గితే, పంపు విప్పకముందే, లోపం ఏవైపు ఉందో ఆ పుట చూసి చెప్పవచ్చు.